డ్రైనేజీ లైను పదే పదే మూసుకుపోతుంటే: గునపం పట్టే ముందు చూసుకోవాల్సినవి

మీరు రాసింది నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను, తేడా ఉంటే సరిదిద్దండి. ఇల్లు కట్టి ముప్పై అయిదేళ్లు. ఇంటి గోడ నుంచి బయటి ఛాంబర్ (మూత తీసి లైను చూసే గుంట) దాకా 18 మీటర్ల డ్రైనేజీ లైను, పాతకాలం స్టోన్‌వేర్ మట్టి పైపులు. వాషింగ్ మెషీన్ నీళ్లు వదిలినప్పుడల్లా కింది బాత్‌రూమ్ కమోడ్‌లో గుడగుడమని బుడగలు, ఒక్కోసారి ఫ్లోర్ ట్రాప్ నుంచి నీళ్లు పైకి. వర్షం పడితే ఇంకా ఎక్కువ. ఏడాదిలో మూడుసార్లు స్ప్రింగ్ మెషీన్ (పైపులో తిరుగుతూ అడ్డును తొలిచే పొడవాటి తీగచుట్ట) తిప్పించారు, ప్రతిసారీ నాలుగు నెలల్లో మళ్లీ మొదటికే వచ్చింది. చివరిసారి స్ప్రింగ్ మొనకు జుట్టులాంటి వేళ్లు, కాస్త మట్టి అంటుకొని వచ్చాయి. ఒకాయన లైను మొత్తం తవ్వి మార్చాలన్నారు. ఇంకొకాయన తవ్వకుండా పాత పైపు లోపలే కొత్త పొర, అంటే లైనింగ్, వేస్తే చాలన్నారు. ఎవరి మాట వినాలన్నది మీ ప్రశ్న.

ఇప్పటికైతే ఇద్దరి మాటా వినకండి. ఇద్దరూ లోపల ఏముందో చూడలేదు. ఇరవై రెండేళ్లుగా నేను చేస్తున్న పని ఇదే. పైపు ఎక్కడ దెబ్బతింది, ఎలా దెబ్బతింది అన్న రెండూ తేలకుండా చేసిన రిపేర్లలో సగం మళ్లీ తవ్వాల్సి రావడం చూశాను. వాటిలో ఒకటి నేను చేసిందే, దాని సంగతి కింద రాస్తాను.

మీరు రాసిన వాటిలో నన్ను ఆపింది ఆ మట్టి. వేళ్లు రావడం మామూలే, పాత మట్టి పైపు లైను ఎక్కడున్నా వస్తాయి. జిడ్డు పేరుకుంటే స్ప్రింగ్‌కు తెల్లటి ముద్ద వస్తుంది, తుడిచే వైప్స్ ఇరుక్కుంటే పీలికలు వస్తాయి. మట్టి మాత్రం సింకులోంచో కమోడ్‌లోంచో రాదు కదా. పైపు గోడకు రంధ్రం పడో, జాయింట్ విడిపోయో చుట్టూ ఉన్న నేల లోపలికి జారుతోందన్నమాట. కాబట్టి మీది శుభ్రం చేస్తే పోయే అడ్డంకి కాదు, పైపు విరిగిన కేసు. స్ప్రింగ్ చేసేదల్లా ఆ అడ్డులో ఒక సొరంగం తొలచడం. నీళ్లు పోతాయి, అందరూ హమ్మయ్య అనుకుంటారు, విరిగినది విరిగినట్టే ఉంటుంది.

అయినా నన్ను నమ్మి ఊరుకోకండి, మీరే కొన్ని చూసుకోవచ్చు. మొదటిది, సమస్య ఇంటి లోపలి కొమ్మ లైనుదా, బయటి పెద్ద లైనుదా అన్నది. ఒక్క సింకు మాత్రమే మెల్లగా పోతుంటే దాని ట్రాప్‌లోనో (వాసన రాకుండా నీరు నిలిచి ఉండే వంపు) దాని పైపులోనో అడ్డుంది. రెండు మూడు చోట్ల ఒకేసారి మెల్లబడితే, అందులోనూ అన్నిటికంటే కింద ఉన్న ఫ్లోర్ ట్రాప్ పొంగితే, అడ్డు అవన్నీ కలిసే చోటు దాటాక ఉంది. వాషింగ్ మెషీన్ నీళ్లకు కమోడ్ స్పందించడం అందుకే. ఫ్లష్‌కు పోయేది 6 లీటర్ల చుట్టూ ఉంటుంది, అంత నీటిని సగం మూసుకున్న పైపు కూడా ఎలాగో మింగేస్తుంది. టాప్ లోడ్ మెషీన్ ఒక్క విడతలో 40, 50 లీటర్లు పంపు బలంతో తోసేస్తుంది. పైపు అంత మింగలేక లోపలి గాలిని వెనక్కి నెడుతుంది, ఆ గాలే కమోడ్‌లో బుడగలు.

ఇక్కడ చిన్న తిరకాసు ఉంది. డ్రైనేజీకి గాలి అందించే వెంట్ పైపు మూసుకున్నా ఇలాగే గుడగుడ వినిపిస్తుంది. మిద్దె మీద వెంట్ పైపు మూతిలో పక్షి గూడు పెట్టిందనుకోండి, నీళ్లు పోయేటప్పుడు గాలి అందక ట్రాప్‌లోని నీటిని లాగేస్తుంది. కానీ అప్పుడు నీళ్లు పైకి పొంగవు, బయటి ఛాంబర్‌లో ప్రవాహం బాగానే ఉంటుంది, ఇంట్లో వాసన ఎక్కువగా వస్తుంది. మీకు పొంగుతోంది కాబట్టి వెంట్ మీద అనుమానం నాకు తక్కువే. అయినా మిద్దె ఎక్కి చూసుకోవడానికి పోయేదేమీ లేదు.

రెండోది, ఛాంబర్ పరీక్ష. కమోడ్ పొంగిన సమయంలోనే చేయాలి, మర్నాడు కాదు. ఇంటి దగ్గరి ఛాంబర్ మూత తీసి చూడండి. అది నిండి ఉండి, తర్వాతి ఛాంబర్ ఖాళీగా ఉంటే తప్పు ఆ రెండిటి మధ్య ఉంది. రెండూ నిండి ఉంటే మీ లైనుది తప్పు కాదు, అవతలి పెద్ద లైను అడ్డుపడింది, అది దాన్ని చూసుకునేవాళ్ల బాధ్యత. రెండూ ఖాళీగా ఉండి కమోడ్ మాత్రం పొంగితే తప్పు ఇంటికీ మొదటి ఛాంబర్‌కీ మధ్య. ఈ ఒక్క పని చేస్తే తవ్వకం పరిధి చాలాసార్లు మూడో వంతుకు తగ్గిపోతుంది. ఇది చేయకుండా నేరుగా పార పట్టినవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ చిరాకే.

మూత తీసేటప్పుడు జాగ్రత్త. తీశాక రెండు నిమిషాలు దూరంగా ఉండండి, మొహం లోపలికి పెట్టకండి, అగ్గిపుల్ల గీయకండి. లోపలికి మాత్రం ఎవరూ దిగకూడదు, పడిపోయిన వస్తువు కోసమైనా సరే. లోపల పేరుకునే విషవాయువు హైడ్రోజన్ సల్ఫైడ్ మొదట కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. మోతాదు 100 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 100 భాగాలు) దాకా పెరిగేసరికి ముక్కు ఆ వాసన పట్టడం మానేస్తుంది. ‘వాసన పోయింది, ఫరవాలేదు’ అనుకున్న క్షణమే ప్రమాదం. దిగినవాణ్ణి కాపాడబోయి వెనకాల దిగినవాళ్లూ పోయిన సంఘటనలు ఈ పనిలో ఉన్న ప్రతివాడూ విన్నవే.

వర్షం పడితే ఎక్కువవుతోందన్నారు. దానికి మూడు కారణాలు ఉండొచ్చు. మిద్దె నీళ్ల పైపును ఎవరో ఎప్పుడో డ్రైనేజీకి కలిపి ఉండొచ్చు. బయటి పెద్ద లైను వర్షానికి నిండి మీ లైను ఖాళీ కాకపోవచ్చు. లేదా నేలలోని నీరు విరిగిన జాయింట్ల గుండా లోపలికి ఊరుతుండొచ్చు. తేడా సమయంలో తెలుస్తుంది. మిద్దె నీళ్లయితే వాన మొదలైన కాసేపటికే పొంగి, ఆగగానే తగ్గుతుంది. నేలలోంచి ఊరేదైతే వాన వెలిసిన మర్నాడు కూడా, ఇంట్లో ఒక్క కుళాయి తిప్పకపోయినా, ఛాంబర్‌లోకి సన్నగా తేట నీరు వస్తూనే ఉంటుంది. తెల్లవారుజామున, ఎవరూ లేవకముందు టార్చి వేసి చూడండి. ఆ వేళప్పుడు తేట నీరు పారుతుంటే మంచినీటి పైపు లీకు కూడా అయ్యుండొచ్చు. మీటరుంటే అన్ని కుళాయిలూ కట్టేసి అరగంట గమనించండి. ముల్లు కదిలితే తప్పు మంచినీటి లైనుది.

లైను వెళ్లే దారి వెంబడి ఒకసారి నడవండి కూడా. నేల కుంగిన చోటు, బండలు ఒకవైపు వాలిన చోటు, చుట్టూ ఎండినా ఒక్క దగ్గరే పచ్చగా ఉన్న గడ్డి, ఎలుక బొరియ. ఎలుక సంగతి చాలామంది నవ్వి వదిలేస్తారు. బోను పెట్టినా మందు పెట్టినా ఎలుకలు ఆగని ఇల్లు కనబడితే నేను ముందు డ్రైనేజీనే అనుమానిస్తాను. జాయింట్ విడిపోయిన పైపు వాటికి రాజమార్గం. అవి బయటికి వచ్చే దారిలో మట్టిని తవ్వి పైపులోకే నెడతాయి. మీ స్ప్రింగ్‌కు అంటిన మట్టి అలా వచ్చినా ఆశ్చర్యపోను.

ఇవన్నీ అయ్యాక కెమెరా. ఇది తప్పించుకోలేని ఖర్చు, దీన్ని మిగుల్చుకోవాలని చూడకండి. కేబుల్ చివర చిన్న కెమెరా, దాని చుట్టూ లైట్లు, వెనకాల తెర మీద ఎన్ని మీటర్లు వెళ్లిందో అంకె. ముందు లైను కడగాలి, లేకపోతే తెర మీద బురద తప్ప ఏమీ కనబడదు. కడగడానికి జెట్టింగ్ (ఒత్తిడితో నీళ్లు కొట్టడం) వాడితే ఒత్తిడి తగ్గించమనండి. పగిలిన మట్టి పైపులో పూర్తి ఒత్తిడితో జెట్ కొడితే మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే. పగులు చుట్టూ ఉన్న మట్టి కూడా కొట్టుకుపోయి పైన నేల కుంగుతుంది.

కెమెరా నడుస్తున్నప్పుడు మీరు పక్కన కూర్చోండి. చూడటం కష్టమేమీ కాదు. మంచి పైపులో అడుగున సన్నటి నీటి చాలు, పైన గుండ్రటి గోడ. మీ పైపు ముక్కలు 60 సెంటీమీటర్లవైతే ప్రతి 60 సెంటీమీటర్లకూ ఒక ఉంగరంలాంటి గీత, అదే జాయింట్. 18 మీటర్లకు 30 జాయింట్లు, అంటే వేరు దూరడానికి 30 తలుపులు. బాగున్న జాయింట్ నిండుచందురుడిలా గుండ్రంగా ఉంటుంది. ఒక ముక్క కుంగితే గుండ్రం తెగి రెండు వంకలుగా కనబడుతుంది, కెమెరా తల ఆ అంచుకు తగిలి టక్కున పైకెగురుతుంది. వేళ్లయితే పైనుంచో పక్కనుంచో గోధుమ రంగు కుచ్చులా వేలాడతాయి. కెమెరా వాటిని తోసుకుంటూ వెళ్తే తెర మీద జడలోంచి వెళ్తున్నట్టు ఉంటుంది.

అన్నిటికంటే ముఖ్యంగా చూడాల్సింది నీటి మట్టం. కెమెరా పోతూ పోతూ నీళ్లలో మునిగి, తెరంతా మసకబారి, కొంత దూరం పోయాక మళ్లీ తేలిందనుకోండి, అక్కడ పైపు పొట్ట దిగింది. వాటం, అంటే నీరు పారే ఏటవాలు, పోయి నీరు నిలుస్తోంది. ఎన్ని మీటర్ల దగ్గర మునిగింది, ఎన్ని మీటర్ల దగ్గర తేలింది, రెండూ రాసుకోండి. రిపేరు ఏ రకమో నిర్ణయించేది చాలావరకు ఈ రెండు అంకెలే. ఒక మెలిక ఉంది. ముందెక్కడో అడ్డు మిగిలి ఉన్నా నీరు నిలిచి ఇలాగే కనబడుతుంది. అందుకే అడ్డు పూర్తిగా తీశాక, ఎవరినైనా లోపల ఒక కుళాయి సన్నగా తిప్పి ఉంచమని, ఆ ప్రవాహంలో చూడాలి. పూర్తిగా ఎండిన లైనులో పొట్ట దొరకదు.

ఇప్పుడు నా తప్పు. పని నేర్చుకున్న కొత్తలో ఒక ఇంట్లో తెర మీద 9.4 మీటర్ల దగ్గర పగులు కనబడింది. టేపు పట్టుకొని 9.4 మీటర్లు కొలిచి, గీత గీసి, మనుషుల్ని పెట్టి తవ్వించాను. మీటరున్నర లోతులో పైపు నిగనిగలాడుతూ, ఒక్క గీతైనా లేకుండా కనబడింది. కేబుల్‌ను ఛాంబర్ మూతి దగ్గర సున్నా చేయకుండా, పైన రీలు దగ్గర సున్నా చేశాం. దానికితోడు పైపు మధ్యలో ఒక బెండ్ ఉంది, నేను నేల మీద తిన్నగా కొలిచాను. అసలు పగులు ఇంకో రెండు మీటర్ల పక్కన ఉంది. ఇంటాయన ఏమీ అనలేదు, ఆ గుంత వంక చూస్తూ నిలబడ్డాడు. అది తిట్టు కంటే ఎక్కువ తగిలింది.

అందుకే కెమెరాలో సోండ్ ఉందా అని అడగండి. అది కెమెరా తలలోని చిన్న ట్రాన్స్‌మిటర్, మామూలుగా 512 హెర్ట్జ్ సిగ్నల్ ఇస్తుంది. పైన లొకేటర్ పట్టుకొని నడిస్తే కెమెరా నేల కింద సరిగ్గా ఎక్కడుందో, ఎంత లోతులో ఉందో చూపిస్తుంది. లోపం ఉన్న ప్రతి చోటా కెమెరాను ఆపించి నేల మీద పెయింట్‌తో గుర్తు వేయించండి, లోతు కూడా రాయించండి. వీడియో మొత్తం కాపీ తీసుకోండి. ‘మేం చూశాం, బాలేదు’ అని నోటిమాటగా చెప్పి వీడియో ఇవ్వనివాళ్లకు లైను మార్చే పని అప్పగించొద్దు. వీడియో ఉంటే ఇంకో ఇద్దరికి చూపించి అభిప్రాయం అడగొచ్చు.

కెమెరా తేల్చలేనిది ఒకటుంది, సన్నటి లీకు. గీత కనబడుతుంది కానీ అది పైపు దాటి బయటికి వెళ్లిందో లేదో తెలియదు. అప్పుడు కింది చివర గాలితో ఉబ్బే ప్లగ్ పెట్టి, పైనుంచి నీళ్లు నింపి, మట్టం పడిపోతుందా అని చూస్తాం. 100 మిల్లీమీటర్ల పైపు మీటరుకు దాదాపు 8 లీటర్లు పడుతుంది, మీ 18 మీటర్లకు 140 లీటర్లు చాలు. పాత మట్టి పైపు, సిమెంటు జాయింట్లు కొంత నీటిని పీల్చుకుంటాయి. అందుకే నింపి కాసేపు ఆగి, మళ్లీ మట్టం సరిచేశాకే గడియారం చూడాలి. నీటి మట్టం ఇంట్లోని అన్నిటికంటే కింది ట్రాప్ కంటే పైకి రానివ్వకూడదు, లేకపోతే పరీక్ష కాస్తా ఇల్లు కడిగే కార్యక్రమం అవుతుంది. ప్లగ్ ఉబ్బి ఉన్నప్పుడు దానికి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు, జారితే తూటాలా వస్తుంది. నిజం చెప్పాలంటే మట్టి, వేళ్లు రెండూ వచ్చిన మీ కేసులో ఈ పరీక్ష ఇప్పుడు అక్కర్లేదు. రిపేరు అయ్యాక మాత్రం తప్పనిసరి.

పైపు ఎందుకు విరిగిందో తెలుసుకోవడం ఎందుకంటే, కారణం అక్కడే ఉంటే కొత్త పైపు కూడా అదే దారి పడుతుంది. మట్టి పైపు గోడ రసాయనాలకు లొంగదు, వందేళ్లు ఉంటుంది. దాని బలహీనత జాయింటే. అప్పట్లో జనపనార చుట్టి సిమెంటు పూసేవాళ్లు. అది బిర్రుగా ఉంటుంది, నేల కాస్త కదిలితే వంగకుండా చిట్లుతుంది. ఆ చిట్లిన సందులోంచి తేమ బయటికి వస్తే వెంట్రుకంత వేరు దాన్ని వెతుక్కుంటూ వస్తుంది, లోపల తిండీ నీరూ దొరికి లావెక్కి జాయింట్‌ను ఇంకా విప్పుతుంది. చెట్టు మంచి పైపును పగలగొట్టిందని అంటారు కానీ, చాలాసార్లు సందు ముందే ఉంటుంది, చెట్టు దాన్ని వాడుకుంటుంది. కాస్ట్ ఐరన్ కథ వేరు. నీటి పైన ఉండే గోడ మీద హైడ్రోజన్ సల్ఫైడ్‌ను బ్యాక్టీరియా సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మార్చి తినేస్తుంది, అడుగు నీటి ఒరిపిడికీ తుప్పుకూ పలచబడుతుంది. పీవీసీకి తుప్పూ లేదు, ఆమ్లం భయమూ లేదు. అది పాడయ్యేది వేసినవాళ్ల చేతిలోనే: కింద రాళ్లు, సరిగ్గా తొక్కని మట్టి, సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) సగమే పూసిన జాయింట్. కేబుల్ వేసే మెషీన్ నేల కింద డ్రిల్ చేస్తూ డ్రైనేజీ పైపును అటు నుంచి ఇటు పొడిచేసిన కేసులూ ఉన్నాయి. మీ దగ్గర ఈ మధ్య అలాంటి పని ఏమైనా జరిగిందేమో గుర్తు తెచ్చుకోండి.

ఇక మందు. వీడియోలో ఒకటి రెండు చోట్లే లోపం ఉండి, మిగతా లైను తిన్నగా, వాటంగా ఉంటే, ఆ ముక్క మేరకే తవ్వి మార్చండి. వినడానికి ఇది పాతకాలపు పద్ధతిలా ఉంటుంది, ఎవరూ గొప్పగా చెప్పుకోరు. నాకు మాత్రం దీని మీదే నమ్మకం ఎక్కువ, ఎందుకంటే చేసిన పని కళ్లకు కనబడుతుంది.

లైనింగ్ మంచి పద్ధతే. 1971లో లండన్‌లో ఎరిక్ వుడ్ అనే ఇంజినీరు మొదలుపెట్టింది. రెజిన్ (ఆరాక గట్టిపడే జిగురు) తాగించిన మెత్తటి గుడ్డ గొట్టాన్ని పాత పైపులోకి పంపి, గాలితోనో నీటితోనో గోడకు ఆనించి, వేడినీరు, ఆవిరి లేదా యూవీ కాంతితో గట్టిపరుస్తారు. పాత పైపు లోపల అతుకు లేని కొత్త పైపు తయారవుతుంది. జాయింట్లే ఉండవు కాబట్టి వేళ్లకు దారి మూసుకుంటుంది. చిన్న పైపులో మందం దాదాపు 3 మిల్లీమీటర్లు, లోపల నున్నగా ఉంటుంది కాబట్టి ఆ మాత్రం ఇరుకవడం లెక్కలోకి రాదు. అయితే లైనింగ్ పాత పైపు ఆకారాన్నే తీసుకుంటుంది. పొట్ట దిగిన చోట వేస్తే నున్నటి, ఖరీదైన పొట్ట తయారవుతుంది. పైపు నలిగి కూలిన చోట గొట్టం దూరదు. మధ్యలో కలిసే కొమ్మ పైపులను లోపలి నుంచి మళ్లీ కోసి తెరవాలి, ఒకటి మరిచిపోతే ఆ బాత్‌రూమ్ సంగతి అంతే. పాలిఎస్టర్ రెజిన్ అయితే గట్టిపడేటప్పుడు దానిలోంచి వచ్చే స్టైరీన్ అనే రసాయనం వాసన ఇంట్లోకి తన్నకుండా ట్రాప్‌లన్నిటిలో నీళ్లు పోసి, కిటికీలు తీసి ఉంచాలి.

మూడో దారి, పైపు బర్స్టింగ్. రెండు చివరలా గుంతలు తీసి, పాత పైపులోంచి తాడు లాగి, శంకువులాంటి ఉక్కు తలతో పాత పైపును పగలగొడుతూ వెనకాలే కొత్త హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపును లాక్కెళ్తారు. మట్టి పైపు పెళుసు కాబట్టి దీనికి బాగా లొంగుతుంది. పక్కనే నీటి పైపో గ్యాస్ పైపో ఉంటే మాత్రం వద్దు, పగిలే ముక్కలు పక్కకు తోస్తాయి. ఇది కూడా పాత దారినే పోతుంది, పొట్టను పెద్దగా సరిచేయదు.

కాబట్టి మీ విషయంలో నేనైతే ఇలా తేల్చుకుంటాను. నీరు నిలిచిన చోటు లేకుండా, పది పన్నెండు జాయింట్లలో వేళ్లుంటే, కొమ్మలు తక్కువుంటే, మీ రెండో ఆయన చెప్పిన లైనింగ్ సరైనదే. ఒకటి రెండు ముక్కలు కూలితే ముక్క మార్పు. పొట్ట రెండు మూడు మీటర్లుండి మిగతా లైను జాయింట్లూ కారుతుంటే, పొట్ట ఉన్న చోట తవ్వి వాటం సరిచేసి, మిగతాదానికి లైనింగ్. లైను పొడవునా వాటమే లేకపోతేనే మొదటాయన మాట, అంటే మొత్తం తవ్వడం. వచ్చిన మట్టిని బట్టి చూస్తే కనీసం ఒక్క చోటైనా తవ్వకం తప్పదని నా అంచనా.

తవ్వేటప్పుడు దగ్గరుండి చూసుకోవాల్సినవి చెప్తాను, ఎందుకంటే పని చెడేది ఇక్కడే. విరిగిన ముక్కను సుత్తితో కొట్టి తీయనివ్వకండి, ఆ అదురు పక్క రెండు జాయింట్లకు పాకుతుంది. గొలుసు కట్టర్‌తో నొక్కి తెంపాలి, లేదా డైమండ్ బ్లేడుతో నీళ్లు పోస్తూ కోయాలి, ముక్కుకు మాస్క్ పెట్టుకొని. కోసిన చివర తిన్నగా, గట్టిగా ఉండాలి. వేలి గోటితో తడితే కంగుమనాలి. బొదబొదమంటే ఇంకా పగులుంది, మరో పది సెంటీమీటర్లు వెనక్కి కోయండి.

మట్టి పైపుకూ పీవీసీకీ బయటి కొలత ఒకటి కాదు. రెండిటినీ కలపడానికి ఆ కొలతలకే చేసిన రబ్బరు కప్లింగ్ వస్తుంది. దాని మీద స్టీలు పట్టీ పూర్తిగా చుట్టి ఉన్న రకమే తీసుకోండి. ఒట్టి రబ్బరుకు రెండు క్లిప్పులున్నది చౌకే, కానీ మీద మట్టి పడ్డాక ఒక పైపు కిందికి జారి లోపల మెట్టు ఏర్పడుతుంది, కాగితం అక్కడే పట్టుకుంటుంది. సిమెంటు ముద్ద పెట్టి, గోనెగుడ్డ చుట్టి ‘రాయిలా ఉంటుంది’ అనేవాళ్లు ఇంకా ఉన్నారు. రాయిలా ఉండటమే దాని లోపం, చిట్లేది అందుకే.

వాటం కంటితో చూసి పెట్టొద్దు. 100, 110 మిల్లీమీటర్ల పైపుకు మీటరుకు 1 నుంచి 2.5 సెంటీమీటర్ల వాటం ఉండాలి. మీ 18 మీటర్లకు మీటరుకు సెంటీమీటరున్నర చొప్పున వేసినా రెండు చివరల మధ్య 27 సెంటీమీటర్ల తేడా. ముందు రెండు ఛాంబర్లలో పైపు అడుగు మట్టం లెవెల్ ట్యూబ్‌తో (నీళ్లు నింపి మట్టం చూసే పారదర్శక గొట్టం) కొలవండి. ఆ తేడా అసలు ఉందో లేదో అక్కడే తెలిసిపోతుంది. వాటం మరీ ఎక్కువైతే నీరు ముందు పరుగెత్తి మలం వెనకబడుతుందని అంటారు. ఉండొచ్చేమో గానీ, నన్ను పిలిచిన ఇళ్లలో ఇబ్బంది వాటం తక్కువై వచ్చిందే.

పైపు కింద 10 సెంటీమీటర్ల ఇసుకో సన్న కంకరో పరవాలి. సాకెట్ (రెండో పైపు దూరే వెడల్పాటి చివర) వచ్చే చోట చిన్న గుంట చేయండి, లేకపోతే పైపు బరువంతా సాకెట్ మీదే ఆని మధ్యలో గాలిలో వేలాడుతుంది. పైపు పక్కల కింది భాగంలో ఇసుకను చేత్తో కూరాలి. పూడ్చక ముందే నీటి పరీక్ష చేయించండి. ఆ తర్వాత అద్దం, టార్చి: ఒక చివర టార్చి వెలిగించి రెండో చివర అద్దంలో చూస్తే, తిన్నగా ఉన్న లైనులో వెలుగు పూర్తి గుండ్రంగా కనబడుతుంది. పొట్ట ఉంటే గుండ్రం తెగుతుంది. కెమెరాలు రాకముందు నా గురువు ఈ అద్దంతోనే పని ఒప్పుకునేవాడు. పైపు మీద 30 సెంటీమీటర్ల దాకా రాళ్లు లేని మట్టి, కాలితోనో చేతి దిమ్మిసతోనో మెల్లగా. ఆ పైన 15 సెంటీమీటర్ల పొరలుగా దిమ్మిస కొట్టాలి. మొత్తం ఒకేసారి తోసేసి నీళ్లు పోసి ‘అదే కూర్చుంటుంది’ అంటే, కూర్చుంటుంది నిజమే, పైపును కూడా తనతో కూర్చోబెడుతుంది. ఈ సందర్భంలోనే ఇంటి గోడ దగ్గర పైకి మూత ఉండే ఒక క్లీనౌట్ పెట్టించుకోండి. రేపు స్ప్రింగ్ వేయాలన్నా కమోడ్ ఊడదీయక్కర్లేదు.

గుంత లోతు 1.2 మీటర్లు దాటితే పక్కలకు పలకలు, అడ్డకర్రలు కట్టకుండా ఎవరినీ దిగనివ్వకండి. క్యూబిక్ మీటరు మట్టి టన్నున్నర పైనే ఉంటుంది. ఛాతీ దాకా కూరుకుపోయినా మనిషి ఊపిరి తీసుకోలేడు. మీది కారే లైను, పక్క మట్టి ఇప్పటికే నాని ఉంటుంది, ఇంకా ప్రమాదం. తవ్విపోసిన మట్టిని అంచు నుంచి కనీసం 60 సెంటీమీటర్లు అవతల వేయించండి.

ఈలోగా ఇల్లు నడవాలి కదా. మెషీన్ నడుస్తున్నప్పుడు స్నానాలు, ఫ్లష్‌లు వద్దు. వీలైతే మెషీన్ గొట్టాన్ని బకెట్లోకి వదిలి కొంచెం కొంచెంగా పోయండి. కాస్టిక్ పొడులు, ఆసిడ్లు పోయకండి. విరిగిన పైపుకు అవి చేసేదేమీ లేదు, అడ్డు వెనక నిలిచి ఉండి, తర్వాత స్ప్రింగ్ వేసేవాడి మొహం మీద చిందుతాయి. ఇప్పటికే పోసి ఉంటే పనివాళ్లకు ముందే చెప్పండి, రెండు రకాలూ కలిస్తే భగ్గుమని పొంగుతాయి. వేళ్లకు మైలుతుత్తం పోయమని ఎవరైనా చెప్తారు. అది నీటికీ, నీటిలో బతికేవాటికీ విషం. సందు మాత్రం అలాగే ఉంటుంది, వేళ్లు మళ్లీ వస్తాయి.

కెమెరా పని అయ్యాక మూడు సంగతులు రాయండి: ఛాంబర్ల మధ్య మట్టం తేడా, లెన్స్ ఎక్కడ మునిగి ఎక్కడ తేలింది, మట్టి కనబడిన చోటు లోతు ఎంత. అవి చూసి ఎక్కడ తవ్వాలో, ఎక్కడ లైనింగ్ సరిపోతుందో చెప్తాను.